తక్కువ కూలి, దూర దేశం: పైసా నిలబెట్టిన మన పెద్దలు

జీతాలు పడ్డ మరునాడు ఏ క్యాంపుకు వెళ్లినా వినిపించే మాట ఒకటే. "ఈ జీతంలో తినేదెంత, పంపేదెంత, మిగిలేదెంత?" మేము కంపెనీ ఆఫీసుల్లో టైమ్‌షీట్లు, జీతాల పట్టీలు రాసే గుమాస్తాలం. ఎవరికి ఎంత వస్తుందో, అందులో అడ్వాన్సు కింద ఎంత పోతుందో, నెల సగానికే మళ్లీ అడ్వాన్సు కోసం ఎవరు వస్తారో రోజూ చూస్తూనే ఉంటాం. మా జీతాలూ మీ జీతాలకంటే ఎంతో ఎక్కువేమీ కావు. అందుకే ఈ ప్రశ్న మాది కూడా.

పొదుపు గురించి నీతులు చెప్పేవాళ్లకు కొదవ లేదు. సిగరెట్ మానండి, ఫోన్ తగ్గించండి అంటారు. ఆ మాటలు మనకు తెలియనివి కావు. ఈ వారం మేము వేరే దారిలో వెళ్దామనుకున్నాం. మనమే మొదటిసారి సముద్రం దాటి కూలికి వచ్చామా? కాదు. దాదాపు 190 ఏళ్లుగా తెలుగువాళ్లు పరాయి దేశాల్లో కూలి చేస్తూనే ఉన్నారు. వాళ్ల కూలి మనకంటే తక్కువ, కష్టం మనకంటే ఎక్కువ. అయినా కొందరు భూమి కొన్నారు, కొందరు చేతిలో ఉన్నదంతా పోగొట్టుకున్నారు. డబ్బు ఎక్కడ కారిపోయింది, ఎక్కడ నిలబడింది అన్న లెక్క చూస్తే మన లెక్క కూడా కొంత అర్థమవుతుంది.

నెలకు 5 రూపాయలు, నెలకు 10 షిల్లింగులు

గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట, కాకినాడకు దగ్గర్లో, కోరంగి అనే రేవు ఉండేది. 1839 నవంబరులో వచ్చిన పెను తుఫాను ఆ ఊరిని తుడిచిపెట్టినంత పని చేసింది. రేవు చితికినా దాని పేరు మాత్రం పోలేదు. బర్మాలో తెలుగు కూలీలను చాలా ఏళ్ల తర్వాత కూడా 'కోరంగీలు' అనే పిలిచారు.

బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు మనుషులు కావలసి వచ్చి, ఇంగ్లిషువాళ్లు 1834 నుంచి మారిషస్‌కు మన దేశపు కూలీలను ఒప్పందం మీద తీసుకెళ్లారు. అయిదేళ్ల ఒప్పందం. మగవాళ్లకు నెలకు 5 రూపాయలు, పైన బియ్యం, పప్పు, ఉప్పు, నూనె. ఆ 5 రూపాయలైనా పూర్తిగా చేతికొచ్చేవా అంటే అదీ లేదు. అక్కడ 'రెండింతల కోత' అని ఒక పద్ధతి ఉండేది. సెలవు లేకుండా ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవాళ్లు. నెలకు 26 పనిదినాలు అనుకుంటే, ఆరు రోజులు రానివాడికి 12 రోజుల కూలి పోయేది. అంటే దాదాపు సగం జీతం!

దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు మొదటి ఓడ 'ట్రూరో' మద్రాసు నుంచి బయల్దేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. ఆ తర్వాత వచ్చిన ఓడల్లో తెలుగు జిల్లాలవాళ్లు వేల మంది వెళ్లారు. అక్కడ మొదటి ఏడు నెలకు 10 షిల్లింగులు, ఆపైన ఏడాదికి ఒక షిల్లింగు పెంపు, అయిదో ఏట 14 షిల్లింగులు. ఒప్పందం పూర్తయ్యాక తిరిగి వెళ్లకుండా, మళ్లీ ఒప్పందం రాయకుండా, స్వంతంగా బతకాలనుకునేవాళ్ల మీద నటాల్ ప్రభుత్వం 1895లో ఏడాదికి 3 పౌన్ల పన్ను వేసే చట్టం చేసింది. 3 పౌన్లంటే 60 షిల్లింగులు. మొదటి ఏడు కూలితో లెక్కిస్తే ఆరు నెలల సంపాదన ఆ ఒక్క పన్నుకే సరి. 1913లో గాంధీగారి నాయకత్వంలో బొగ్గు గనులవాళ్లు, చెరకు తోటలవాళ్లు వేలాదిగా పని మానేసి రోడ్డెక్కారు. 1914లో ఆ పన్ను రద్దయింది.

ఇది ఎందుకు చెబుతున్నామంటే, కూలివాడి దగ్గర డబ్బు మిగలకపోవడానికి ప్రతిసారీ అతని దుబారానే కారణం కాదు. కోతలు, పన్నులు, అప్పులు ముందే తినేస్తే, ఎంత పొదుపు చేసినా ఖాళీ కుండకు మూత పెట్టినట్టే ఉంటుంది. కాబట్టి మొదట చూడవలసింది మన ఖర్చు కాదు, మన కోత. జీతం చీటీ చదవడం పొదుపులో మొదటి పాఠం.

ఇంత కోతలోనూ నిలబడ్డవాళ్లు ఎలా నిలబడ్డారు? మారిషస్‌లో పంతొమ్మిదో శతాబ్దం చివరికి పంచదార ధర పడిపోయి, పెద్ద తోటల యజమానులు భూమిని చిన్న చిన్న ముక్కలుగా అమ్మకానికి పెట్టారు. ఒప్పందం తీరిన కూలీలు వాయిదాల మీద ఆ ముక్కలు కొన్నారు. నటాల్‌లో తోట విడిచినవాళ్లు కొద్దిపాటి నేల కౌలుకు తీసుకుని కూరగాయలు, మొక్కజొన్న పండించి డర్బన్ బజారులో అమ్మారు. ఇంటిల్లిపాదీ కష్టపడ్డారు. గమనించండి, వాళ్లను పైకి తెచ్చింది కడుపు మాడ్చుకుని దాచిన పైసా ఒక్కటే కాదు. దాచిన ఆ కాస్త పైసాను మళ్లీ సంపాదించి పెట్టే వస్తువు మీద పెట్టారు.

రంగూన్ మేస్త్రీ లెక్క

శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల పాత కుటుంబాల్లో 'రంగం పోయాడు' అనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. రంగం అంటే రంగూన్. అక్కడి ఓడరేవులో మూటలు మోసింది, బియ్యం మిల్లుల్లో పని చేసింది, రిక్షాలు లాగింది ఎక్కువగా తెలుగువాళ్లే.

వాళ్లను తీసుకెళ్లినవాడు మేస్త్రీ. ఓడ ఛార్జీ మేస్త్రీ పెట్టేవాడు, ఇంట్లో ఇవ్వడానికి కాస్త అడ్వాన్సు కూడా ఇచ్చేవాడు. రంగూన్‌లో దిగాక కూలి డబ్బు కంపెనీ నుంచి నేరుగా కూలివాడికి వచ్చేది కాదు, మేస్త్రీ చేతుల మీదుగా వచ్చేది. ఆ దారిలో ఓడ ఛార్జీ, అడ్వాన్సు, వడ్డీ, కమీషన్ అన్నీ కోసేవాడు. లెక్క మేస్త్రీ పుస్తకంలోనే ఉండేది. చదువు రాని కూలివాడికి తన బాకీ ఎంత మిగిలిందో తెలిసే దారే లేదు. మిత్రులారా, మేస్త్రీ అన్న చోట 'ఏజెంటు' అని, ఓడ ఛార్జీ అన్న చోట 'వీసా డబ్బు' అని పెట్టి మళ్లీ చదవండి. ఏమైనా కొత్తగా ఉందా?

గదుల్లో ఇరుకు సంగతి చెప్పనక్కర్లేదు. 1929–31లో దేశమంతా తిరిగిన కార్మిక కమిషన్ రంగూన్ కూలీల వసతి గదుల్లో మనుషులు కిక్కిరిసి ఉండడాన్ని తప్పుబట్టింది. అద్దె మిగిల్చడానికి అలా ఉండేవాళ్లు. అలా మిగిల్చిన డబ్బు ఊరికి చేరడానికి ఒక మంచి దారి దొరికింది, పోస్టాఫీసు. మన దేశంలో తపాలా శాఖ 1880లో మనియార్డరు పని చేపట్టింది. 1882లో పోస్టాఫీసు పొదుపు ఖాతాలు మొదలయ్యాయి. చిన్న మొత్తాలకు కూడా రసీదు దొరికే దారి సామాన్యుడికి అప్పుడు ఏర్పడింది.

దాని విలువ 1942లో తెలిసింది. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఆ తర్వాత కొద్ది నెలల్లో సుమారు 5 లక్షల మంది భారతీయులు బర్మా విడిచి వచ్చారు. అరకాన్ కొండల మీదుగా, మణిపూర్, అస్సాం అడవుల మీదుగా నడిచి వచ్చినవాళ్లలో ఎందరో దారిలోనే పోయారు. రంగూన్‌లోనే ఉంచుకున్న ఇల్లు, సామాను, ఇతరుల దగ్గర పెట్టిన డబ్బు అక్కడే మిగిలాయి. నెలనెలా ఊరికి చేరి పొలమో ఇల్లో అయిన డబ్బు మాత్రం నిలిచింది.

మలయా తోటల్లో: కల్లు దుకాణం, అరటి నోట్లు, 10 డాలర్లు

మలయా రబ్బరు తోటల్లో తమిళులతో పాటు తెలుగువాళ్లూ పెద్ద సంఖ్యలో పని చేశారు. అక్కడ తోటలోనే ఇల్లు, తోటలోనే దుకాణం, తోటలోనే కల్లు దుకాణం! దుకాణంలో అరువు, జీతం రోజున ఆ అరువు తీర్చడం, మర్నాటి నుంచి మళ్లీ అరువు. 1941లో క్లాంగ్ ప్రాంతంలో తోట కూలీలు సమ్మె చేసినప్పుడు కూలి పెంచమన్నారు, దాంతో పాటు కల్లు దుకాణాలు మూసేయమని కూడా అడిగారు. ఎవరో పెద్దమనిషి వచ్చి నీతి చెప్పినందుకు కాదు. తమ కూలి ఏ కంతలోంచి కారిపోతోందో వాళ్లకే తెలుసు కాబట్టి అడిగారు.

తర్వాత జపాన్ వాళ్లు మలయాను ఆక్రమించుకున్నారు. అరటి చెట్టు బొమ్మ ఉన్న నోట్లు అచ్చు వేసి వదిలారు. జనం వాటిని 'అరటి నోట్లు' అన్నారు. 1945లో జపాన్ ఓడిపోగానే ఆ నోట్లు చిత్తు కాగితాలయ్యాయి. సయాం–బర్మా రైలు మార్గానికి పట్టుకుపోయిన తోట కూలీలు వేల సంఖ్యలో తిరిగి రాలేదు. మూడున్నరేళ్లు దాచిన నోటు ఒక్క రోజులో పోయిందంటే, దాచడం ఎంత ముఖ్యమో, దేనిలో దాచామన్నదీ అంతే ముఖ్యమని తెలుస్తుంది.

యుద్ధం తర్వాత రెండు మంచి పనులు జరిగాయి. 1951లో మలయాలో ఉద్యోగుల భవిష్య నిధి చట్టం వచ్చింది. కూలివాడి జీతం నుంచి 5 శాతం, యజమాని నుంచి 5 శాతం, ప్రతి నెలా చేతికి రాకముందే పక్కకు వెళ్లేది. చేతికొచ్చాక దాచడం కష్టం, రాకముందే తీసి పెట్టడం తేలిక.

రెండోది ఇంకా గొప్పది. స్వాతంత్ర్యం వచ్చే రోజుల్లో ఇంగ్లిషు యజమానులు తోటలు అమ్ముకుని వెళ్లసాగారు. కొన్నవాళ్లు తోటను ముక్కలు చేసి అమ్మేవాళ్లు. తోట ముక్కలైతే కూలికి పనీ పోయేది, ఇల్లూ పోయేది. అప్పుడు మంత్రిగా ఉన్న వి.టి. సంబంధన్ 1960లో కూలీల కోసం జాతీయ భూ ఆర్థిక సహకార సంఘం పెట్టారు. తోట తోటకూ తిరిగి ఆయన చెప్పింది ఒకటే: నెలకు 10 డాలర్లు కట్టండి, 100 డాలర్లు అయితే ఒక వాటా మీది. రబ్బరు పాలు గీసే కూలివాడికి 10 డాలర్లు చిన్న మొత్తం కాదు. అయినా కట్టారు. కెడా రాష్ట్రంలోని బుకిట్ సిడిమ్ తోట ఆ సంఘం మొదట కొన్నది. ఆపైన మరికొన్ని తోటలు కొన్నారు. నిన్నటిదాకా ఏ చెట్టుకు గాటు పెట్టి కూలి తీసుకున్నారో, ఆ చెట్టులో తమకూ వాటా వచ్చింది. ఒక్కడి 10 డాలర్లతో సామాను కూడా సరిగా రాదు. వేల మంది 10 డాలర్లతో తోట వచ్చింది.

పొదుపు పళ్లెంలో మొదలుపెట్టొద్దు

క్యాంపుల్లో మాకు ఎక్కువ బాధ కలిగించే పొదుపు తిండి పొదుపు. పొద్దున టీ, మధ్యాహ్నం ఖుబ్బూస్, రాత్రి అన్నంలో పచ్చడి మెతుకులు. ఇలా నెలలు గడిపేవాళ్లను చూస్తున్నాం. దీని మీద కూడా మలయా చరిత్రలో ఒక పాఠం ఉంది.

వంద ఏళ్ల కిందట మలయాలో బెరిబెరి అనే జబ్బు కూలీలను చంపేది. కాళ్లు వాచడం, తిమ్మిర్లు, నడవలేకపోవడం, చివరికి గుండె ఆగిపోవడం. ఆశ్చర్యం ఏమిటంటే ఇది గనుల్లో పని చేసే చైనా కూలీలకు విపరీతంగా వచ్చేది, మన తోట కూలీలకు చాలా తక్కువగా వచ్చేది. కారణం బియ్యం! వాళ్లు తెల్లగా పాలిష్ పట్టిన పచ్చి బియ్యం తినేవాళ్లు, మనవాళ్లు ఉప్పుడు బియ్యం తినేవాళ్లు. 1905లో కౌలాలంపూర్ పిచ్చాసుపత్రిలో ఫ్లెచర్ అనే డాక్టరు రోగులను రెండు భాగాలు చేసి, ఒక భాగానికి పచ్చి బియ్యం, రెండో భాగానికి ఉప్పుడు బియ్యం పెట్టించాడు. జబ్బు పచ్చి బియ్యం తిన్నవాళ్లలోనే విజృంభించింది. వడ్లు నానబెట్టి ఉడికించినప్పుడు తవుడులోని బి1 విటమిను గింజలోకి దిగుతుందని తర్వాతి రోజుల్లో తేలింది. పచ్చి బియ్యమే తినే మన ఉత్తర సర్కారు జిల్లాల్లోనూ ఒకప్పుడు ఈ జబ్బు ఉండేది.

చవకైన తిండి అంటే చెడ్డ తిండి అని కాదు. దొడ్డు బియ్యం, కందిపప్పు, పెసలు, శనగలు, గుడ్డు, ఉల్లిపాయ, ఆకుకూర. ఇవి ఖరీదైనవి కావు. ఎండలో పది గంటలు పని చేసే ఒంటికి పప్పు తగ్గించి మిగిల్చిన డబ్బు ఆసుపత్రి చీటీకి పోతుంది. పని తప్పితే కూలి కూడా పోతుంది.

ఈ నేల మీదే ఒకప్పుడు

మనం పని చేస్తున్న ఈ గల్ఫ్ దేశాల్లో చమురు రాకముందు పెద్ద పని ముత్యాల వేట. బహ్రెయిన్, కువైట్, దుబాయి రేవుల నుంచి వేసవిలో నెలల తరబడి పడవలు సముద్రం మీదే ఉండేవి. ముక్కుకు పట్టు పెట్టుకుని, కాలికి రాయి కట్టుకుని మునిగే ఆ అరబ్బు కూలివాడి బతుకు కూడా అప్పు బతుకే. సీజను ముందు ఇంటి ఖర్చుకు పడవ యజమాని దగ్గర అడ్వాన్సు తీసుకునేవాడు. సీజను చివర ముత్యాలు అమ్మాక వాటా లెక్క కట్టేవాళ్లు. వాటా బాకీకి చాలేది కాదు. బాకీ తీరకుండా ఇంకో పడవ ఎక్కడానికి వీల్లేదు. తండ్రి పోతే బాకీ కొడుకు మీదకు వచ్చేది. 1920లలో బహ్రెయిన్‌లో ఒక సంస్కరణ తెచ్చారు. ప్రతి మునిగేవాడికీ తన లెక్క రాసిన పుస్తకం తన దగ్గర ఉండాలి అన్నారు. అంత చిన్న పుస్తకమే పెద్ద మార్పు. రంగూన్ మేస్త్రీ దగ్గర మనవాళ్లకు లేనిది అదే.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. ఈ దేశాల్లో ఒకప్పుడు మన రూపాయే చెల్లేది. 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసం ప్రత్యేకంగా నోట్లు అచ్చు వేసింది. కువైట్ 1961లో, బహ్రెయిన్ 1965లో సొంత దీనారు తెచ్చుకున్నాయి. 1966 జూన్ 6న మన ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించింది. డాలరుకు 4 రూపాయల 76 పైసలు ఉన్నది ఒక్కసారిగా 7 రూపాయల 50 పైసలైంది. రూపాయలు దాచుకున్న గల్ఫ్ జనం సంపద మూడో వంతుకు పైగా కరిగిపోయింది. ఖతర్, దుబాయి ఆ ఏడాదే రియాలు తెచ్చుకున్నాయి. దిర్హాము 1973లో వచ్చింది.

మన లెక్క

ఇప్పుడు మన సంగతికి వద్దాం. పాత లెక్కల నుంచి మాకు తోచినవి ఇవి.

ఒకటి, అప్పు ముందు. వీసా కోసం ఊళ్లో నూటికి 3 రూపాయల మిత్తికి లక్ష తెచ్చినవాడికి నెలకు 3,000, రెండేళ్లకు 72,000 రూపాయలు మిత్తికే పోతాయి. అసలు అలాగే ఉంటుంది. ఈ అప్పు ఉన్నంతకాలం ఇంటికి టీవీ, బంగారం, పెళ్లిళ్లకు కట్నకానుకలు అన్నీ ఆగాలి. ఇంట్లోవాళ్లకు ఇది మనమే విడమరిచి చెప్పాలి. మన జీతం ఎంతో దాచిపెడితే వాళ్లు ఎక్కువే అనుకుంటారు.

రెండు, రేటు కోసం కాచుకోవద్దు. దిర్హాముకు 25 పైసలు పెరుగుతుందని ఒక నెల ఆగితే 800 దిర్హాములకు వచ్చే లాభం 200 రూపాయలు. ఆ డబ్బు రూపాయల్లో 20 వేలు అనుకుంటే, 3 రూపాయల మిత్తి లెక్కన ఆ నెలకు పోయేది 600. అప్పున్నవాడికి ఆగడమే నష్టం.

మూడు, పుస్తకం. పది రూపాయల నోటుపుస్తకం కొనండి. పని చేసిన గంటలు, ఓవర్‌టైము, కోత, పంపిన డబ్బు, రసీదు నంబరు రాయండి. మా పట్టీలో తేడా వస్తే మీ పుస్తకమే మీ తరఫున మాట్లాడుతుంది.

నాలుగు, చిల్లర. బయట రోజుకు మూడు టీలు, ఒక్కోటి ఒక దిర్హాము అనుకుంటే నెలకు 90, రెండేళ్లకు 2,160 దిర్హాములు. మూడూ మానమని మేము అనం. మనిషికి కాస్త కబుర్లూ కావాలి. రెండు గదిలో పెట్టుకుని ఒకటి బయట తాగండి.

అయిదు, కలిసి. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో 28 మంది నేతపనివాళ్లు, ఇతర కూలీలు మనిషికి ఒక పౌను చొప్పున పోగేసి పిండి, వెన్న, పంచదార అమ్మే దుకాణం పెట్టుకున్నారు. ఆ పౌను పోగెయ్యడానికి వారానికి కొన్ని పెన్నీలు దాచారు. సహకార సంఘాలకు అది దారి చూపింది. మన గదిలో ఎనిమిది మంది ఉంటే బియ్యం బస్తా, నూనె డబ్బా, పప్పు టోకున కొని, వంట వంతులు వేసుకుని, లెక్క గోడ మీద అంటించడం కూడా అదే పని. చీటీ వేసుకుంటే ఎంత నమ్మకం ఉన్నా కాగితం మీద అందరి సంతకాలు ఉండాలి.

ఆరు, చేరే చోటు. డబ్బు రసీదు దొరికే దారిలోనే వెళ్లాలి. ఎన్‌ఆర్‌ఈ ఖాతా మీ పేరు మీద ఉండాలి, నామినీ పేరు తప్పకుండా రాయించాలి. ఇంటికి పంపే డబ్బులో మీ వంతు కొంత, నెలకు వెయ్యి రూపాయలైనా సరే, ఆ ఖాతాలోనే ఆగాలి.

మన జీతాలు తక్కువ. ఆ సంగతి ఏ పొదుపూ మార్చదు. దాని కోసం అడగవలసిన చోట అడగాల్సిందే, నటాల్‌లో, క్లాంగ్‌లో అడిగినట్టు. కానీ రాకముందే కారిపోయేది, వచ్చాక కారిపోయేది ఎంతో తెలిసినవాడికే ఎక్కడ అడగాలో కూడా తెలుస్తుంది. ఈ నెల జీతం చీటీ పారేయకండి. చదవడం రాకపోతే మీ గదిలో చదువుకున్న తమ్ముడి చేత చదివించుకోండి, లేదా మా లాంటి గుమాస్తా దగ్గరకు తీసుకురండి. ఒక్కో గీత కింద వేలు పెట్టి చదివి చెబుతాం.